అలవాటైపోతుందిలే అనకండి

లాక్‌డౌన్ రోజుల్లో మా అమ్మాయి ముచ్చటపడి కొనుక్కున్న యుకులేలే ఒకటి బీరువా మీద అట్టపెట్టెలో ఏళ్ళ తరబడి పడుంది. పిల్ల ఉద్యోగానికని పూణే వెళ్ళిపోయింది. కిందటి దసరాకి బూజులు దులుపుతూ ఆ పెట్టె దించాను. దుమ్ము తుడిచి ఒక తీగ మీటితే 'టింగ్' మంది. అంతే, 48 ఏళ్ళ వయసులో నాకు సంగీతం నేర్చుకోవాలన్న బుద్ధి పుట్టింది. మా అపార్ట్‌మెంట్లో పిల్లలకి పాఠాలు చెప్పడానికి వచ్చే కుర్రాడిని ఆపి, "బాబూ, నాకూ నేర్పుతావా?" అని అడిగాను. సరేనన్నాడు.

మొదటి రోజు మా ఇంట్లో సంగీతం ఏమీ జరగలేదు. గంటసేపూ కూర్చోవడం నేర్చుకోవడంతోనే సరిపోయింది.

"ఆంటీ, ముందు సరిగ్గా కూర్చోండి" అన్నాడు.

"కూర్చునే ఉన్నాను కదయ్యా."

"కుర్చీ అంచు మీద కూర్చున్నారు. ఎవరో పిలిస్తే లేచి వెళ్ళిపోయేట్టున్నారు."

నిజమే. వంటింట్లో కుక్కర్ ఉంది, మూడో విజిల్ కోసం నా చెవి అటే ఉంది. వెనక్కి జరిగాను. పాదాలు రెండూ నేలకి ఆన్చమన్నాడు, ఆన్చాను. వాయిద్యం చేతికిచ్చాడు. నాలుగుసార్లు మీటానో లేదో, "ఆంటీ, మీ కుడి భుజం పైకి లేచిపోతోంది" అన్నాడు. దించాను. మళ్ళీ లేచింది. మళ్ళీ చెప్పాడు. నాకు చిరాకేసి, "పర్లేదులే బాబూ, అలవాటైపోతుందిలే" అన్నాను.

"అలవాటైపోతుందనేగా ఆంటీ నా భయం! తప్పుగా అలవాటైతే ఆర్నెల్లకి భుజం నొప్పని మీరే మూల పడేస్తారు" అన్నాడు.

పాతికేళ్ళు నిండని పిల్లాడు. వాడన్న ఆ మాట నాకు రెండు రోజులు నిద్ర పట్టనివ్వలేదు. ఎందుకంటే 'అలవాటైపోతుందిలే' అన్నది మన ఇళ్ళల్లో ఓదార్పు మాట. అత్తారింటికి వెళ్ళే పిల్లకి చెప్తాం, హాస్టల్ తిండి పడట్లేదన్న పిల్లాడికి చెప్తాం, నడుం నొప్పన్న అక్కకి చెప్తాం. చెప్పిన వాళ్ళకి పని తప్పుతుంది, విన్నవాళ్ళకి నోరు మూతపడుతుంది. ఇవాళ ఆ ఒక్క మాట మీదే నా దెబ్బలాట.

ముందు నా భుజం సంగతి చెప్పనివ్వండి.

ఆ సాయంత్రం ఉప్మా కలుపుతుంటే గుట్టు బయటపడింది. గరిట తిప్పుతున్న నా కుడి భుజం వెళ్ళి చెవి దగ్గర కూర్చుంది. అచ్చం పొద్దున క్లాసులో లేచినట్టే. అంటే ఆ భుజాన్ని అలా ఎత్తడం యుకులేలే నేర్పింది కాదు, మా వంటిల్లు నేర్పింది.

స్టవ్ కట్టేసి టేపు తీశాను. మా వంటగది గట్టు 34 అంగుళాలు. దాని మీద స్టవ్ ఇంకో 5. దాని మీద మూకుడు 4. మొత్తం 43 అంగుళాల ఎత్తున నా గరిట తిరుగుతోంది. నా పొడవు 4 అడుగుల 10 అంగుళాలు. నిలబడితే నా మోచేయి నేల నుంచి 36 అంగుళాల దగ్గరుంటుంది. నిలబడి చేసే మామూలు చేతిపనికి బల్ల మోచేతి కన్నా 4 నుంచి 6 అంగుళాలు కిందగా ఉండాలని, పనిచేసే చోటు మనిషికి ఎలా అమరాలో చదువుకున్నవాళ్ళు చెప్తారు. ఆ లెక్కన నా చేతిపని 30, 32 అంగుళాల దగ్గర జరగాలి. జరుగుతున్నది 43 దగ్గర. దాదాపు అడుగు తేడా. ఆ అడుగుని పూటపూటా నా భుజం పూడుస్తోంది. ఈ ఇంట్లో 14 ఏళ్ళు, అంతకు ముందు అద్దె ఇళ్ళల్లో పదేళ్ళు.

ఈ ఫ్లాట్ కట్టేటప్పుడు వంటగది గురించి మా ఇంట్లో ఎంత చర్చ జరిగిందో! పొయ్యి ఆగ్నేయంలోనే ఉండాలన్నారు. వండే మనిషి తూర్పు ముఖంగా నిలబడాలన్నారు. సింకూ పొయ్యీ పక్కపక్కన ఉండకూడదన్నారు. గ్రానైటు నలుపా, గోధుమ రంగా అని మూడు షాపులు తిరిగారు. అక్కడ నిలబడే మనిషి పొడవెంత అని మాత్రం ఒక్కరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. గట్టు ఎత్తనేది సూర్యోదయం లాగా ఎవరో నిర్ణయించేసిన విషయమనుకున్నాను. పైగా నేలమీద కత్తిపీట, కట్టెపొయ్యి, ఆ పొగ, ఆ మోకాళ్ళ నొప్పులు... వాటితో పోలిస్తే మన తరం అదృష్టవంతులం కదా అనుకున్నాను. అదృష్టమే, కాదనను. కానీ మా అమ్మకి మోకాళ్ళు పోయాయి గనక నాకు భుజం పోయినా పర్లేదనడం ఏం న్యాయం?

యుకులేలే సంగతి చూడండి. అందులో సొప్రానో అని ఒకటి ఉంటుంది, సుమారు 21 అంగుళాలు. దాని కన్నా పెద్దది కాన్సర్ట్, 23. ఇంకా పెద్దది టెనర్, 26. చేయి చిన్నదైతే ఒకటి, వేళ్ళు లావైతే ఇంకొకటి. మా అమ్మాయిది కాన్సర్ట్. అది నాకు సరిపోతుందో లేదో మాస్టారు నా చేయి చాపించి, వేళ్ళు పెట్టించి మరీ చూశాడు. నాలుగు నైలాన్ తీగల ఆటవస్తువులాంటి దానికి ఇంత చూసే మనుషులు, రోజుకి నాలుగైదు గంటలు నిలబడే గట్టుకి ఏమీ చూడరు!

ఎవరికైనా పనికొస్తుందని, నాకు నేర్పిన కూర్చునే పద్ధతి చెప్తాను. చేతుల్లేని కుర్చీ కావాలి. పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి, ఆనకపోతే కింద చిన్న పీట వేసుకోవాలి. వీపు నిటారుగా, కానీ బిగదీసుకోకుండా. వాయిద్యం వెనక భాగం మన పొట్టకీ గుండెకీ మధ్య ఆనుతుంది. కుడి ముంజేయి దాన్ని మెత్తగా ఒంటికి అదిమి ఉంచుతుంది. సన్నగా ఉండే మెడ భాగం కాస్త పైకి లేచి ఉండాలి. ఎడమ బొటనవేలు ఆ మెడ వెనక ఊరికే ఆనాలి, పీక పిసికినట్టు పట్టుకోకూడదు. మణికట్టు మడతపడకూడదు. మెట్లు కనబడట్లేదని తల వంచి తొంగిచూడకూడదు. భుజాలు రెండూ కిందికి. జారిపోతున్నట్టుంటే పట్టీ తగిలించుకోవచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు.

పట్టీ దగ్గర నేను కాస్త గునిశాను. "పట్టీ లేకుండా పట్టుకోవడం వస్తేనే గొప్ప కదా?" అన్నాను. "గొప్ప దేనికి ఆంటీ, వాయించడానికి కదా వచ్చారు" అన్నాడు. ఇడ్లీ పిండి బయట కొన్న రోజు మనం ఎందుకు సంజాయిషీ చెప్పుకుంటామో, వాషింగ్ మెషీన్ కొన్న కొత్తలో "దుప్పట్లకి మాత్రమేనండీ" అని ఎందుకు అనేవాళ్ళమో అప్పుడు అర్థమైంది. పని తేలికైతే మన విలువ తగ్గుతుందని మనకే ఒక భయం.

ఇంకో మాట కూడా చెప్పాడు. అదే నాకు అన్నిటికన్నా పెద్ద పాఠం. మొదటి పది రోజులు ఎడమచేతి వేళ్ళ కొసలు మంటపుట్టాయి. "ఇది తగ్గుతుందా?" అంటే, "తగ్గుతుంది ఆంటీ, చర్మం గట్టిపడుతుంది, దాని గురించి బెంగ వద్దు. భుజం, మణికట్టు, నడుం నొప్పి వస్తే మాత్రం ఓర్చుకోకండి. ఆపేసి, కూర్చునే తీరు మార్చండి" అన్నాడు.

అంటే నొప్పులు రెండు రకాలన్నమాట. ఒకటి, కొత్త విద్య ఒంటబట్టేటప్పుడు పుట్టేది. అది అలవాటవుతుంది, అవ్వాలి కూడా. రెండోది, మనకి నప్పనిదాన్ని మన మీద రుద్దినప్పుడు పుట్టేది. అది అలవాటవదు. మనం దాన్ని గమనించడం మానేస్తాం, అంతే. 'అలవాటైపోతుందిలే' అనే వాళ్ళు చేసే మోసం ఏమిటంటే, రెండో నొప్పికి మొదటి నొప్పి పేరు పెట్టడం.

ఇప్పుడు రుచి సంగతికి వస్తాను. ఎందుకంటే ఈ మాట నేను మొదట విన్నది పులుసు గురించి.

మాది అనంతపురం జిల్లా. చెనక్కాయల దేశం. రాగి సంగటి, చెనక్కాయల ఊరిబిండి, జొన్నరొట్టె, పొద్దున్నే బొరుగులతో ఉగ్గాణి, పక్కన మిరపకాయ బజ్జి. మావారిది తూర్పు గోదావరి. పెళ్ళై వెళ్ళిన వారంలో మొదటిసారి ముక్కల పులుసు వడ్డించారు. ఆనపకాయ, గుమ్మడి, చిలగడదుంప, అందులో దండిగా బెల్లం. నేను పాయసమనుకుని పక్కన పెట్టుకున్నాను, చివర్లో తిందామని. అందరూ నవ్వారు. మంచి నవ్వే, ఎగతాళి కాదు. ఆ సాయంత్రం ఎస్‌టీడీ బూత్ నుంచి అమ్మకి ఫోన్ చేసి, "కూరల్లో అన్నిట్లో తీపేనమ్మా" అంటే, అమ్మ అంది: "అలవాటయితాదిలేమ్మా."

అయింది. అబద్ధం ఎందుకు చెప్పాలి? పనసపొట్టు ఆవపెట్టి వండితే ఇవాళ నాకన్నా ఎక్కువ ఇష్టపడేవాళ్ళు మా అత్తగారి వైపు చుట్టాల్లో కూడా లేరు. బెల్లం పులుసు కూడా ఇప్పుడు బాగుంటుంది. అది వేలి కొసల మంట లాంటిది. కొత్త రుచి ఒంటబట్టింది, నేను లాభపడ్డాను. నా గొడవ అది కాదు. కొత్తది వచ్చినందుకు కాదు, పాతది పోయినందుకు. 24 ఏళ్ళలో నా సొంత వంటింట్లో నేను ఉగ్గాణి ఎన్నిసార్లు చేసుకున్నానో తెలుసా? ఒక్కసారి. పెళ్ళైన రెండో ఏడు. బొరుగులు తడిపి, పిండి, పచ్చిమిర్చీ ఎర్రగడ్డలూ పోపులో వేసి, పైన పుట్నాలపప్పు, ఎండుకొబ్బరి పొడి చల్లి, వేడివేడిగా పెట్టాను. అత్తయ్యగారు ఆశ్చర్యపోయి, "మరమరాలు నానబెడతారా అమ్మాయ్! మేం కరకరలాడేట్టు పిడత కింద పప్పు కలుపుకుంటాం" అన్నారు. మావారు ప్లేటు ఖాళీ చేసి, "బాగానే ఉందోయ్. ఇంతకీ టిఫినేంటి?" అన్నారు.

ఎవరూ వద్దనలేదు, ఎవరూ తిట్టలేదు. అయినా మళ్ళీ చేయలేదు. ఇళ్ళల్లో చాలా సంగతులు ఇలాగే పోతాయి. నిషేధించక్కర్లేదు, ఇంతకీ టిఫినేంటి అంటే చాలు.

ఆ తర్వాత మొదలైంది 'చేతి మహిమ'. "నీ చేతి పులుసు తింటే మా అమ్మ చేతి పులుసు తిన్నట్టే ఉంది" అన్నారు మావారు ఒకరోజు. పొంగిపోయాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ మెచ్చుకోలు ఎంత వింతదో చూడండి. నన్ను నేను పూర్తిగా తుడిచేసుకున్నానని ఇచ్చిన సర్టిఫికెట్ అది. చేతికి మహిమ ఉందంటారు. ఆ చేయి ఉన్న మనిషికి ఒక నాలుక ఉందని, ఆ నాలుకకి ఒక ఊరు ఉందని ఎవరికీ గుర్తుండదు. నాకే గుర్తులేకుండా పోయింది. ఎవరింటికైనా వెళ్తే, "మీకేం చేయమంటారు?" అని అడిగితే, "ఏదైనా పర్లేదండీ" అంటాను. మర్యాదకి కాదు. నిజంగానే తట్టదు.

మీరు అడగబోయే ప్రశ్నలు నాకు తెలుసు. ఒక్కొక్కటే చెప్తాను.

ఇంటికో రుచి అంటూ ఉండాలి కదా, సంప్రదాయం కదా అంటారు. ఉండాలి. కానీ రాయిలా ఉండాలని ఎవరన్నారు? మన ఆంధ్రా వంటకి ప్రాణమనుకునే మిరపకాయ ఈ దేశానికి వచ్చి 500 ఏళ్ళు. పోర్చుగీసువాళ్ళు తెచ్చారు. అంతకు ముందు మన కారం మిరియాలదే. టమాటా, బంగాళాదుంప కూడా అలా సముద్రం దాటి వచ్చినవే. అంత దూరం నుంచి వచ్చిన మిరపకాయకి మీ వంటింట్లో చోటుంది, అనంతపురం నుంచి వచ్చిన కోడలి బొరుగులకి లేదు.

నా చేతిలో ఉన్న యుకులేలే కథా అలాంటిదే. 1879లో రావెన్స్‌క్రాగ్ అనే ఓడలో, పోర్చుగల్ ఏలుబడిలోని మదీరా ద్వీపం నుంచి, చెరకు తోటల్లో కూలికి హవాయి దీవులకి వెళ్ళారు జనం. వెళ్తూ తమ చిన్న తీగవాయిద్యాన్ని వెంట తీసుకెళ్ళారు. వాళ్ళల్లో ఉన్న వడ్రంగులు అక్కడ దొరికే కోవా చెక్కతో అలాంటివి చేయడం మొదలుపెట్టారు. అక్కడి రాజు కలాకౌవాకి నచ్చింది, తన సభల్లో వాయింపించాడు. ఇవాళ అది హవాయి సొంత వాయిద్యం. వచ్చినవాళ్ళు తమది వదులుకోలేదు, ఉన్నవాళ్ళు చోటివ్వడం నామోషీ అనుకోలేదు. కూలికి వెళ్ళినవాళ్ళకి ఉన్నపాటి వెసులుబాటు కోడలిగా వెళ్ళినవాళ్ళకి లేకపోతే ఎలా?

మగవాళ్ళకి చిన్నప్పటి రుచి మారదండీ, మనమే సర్దుకోవాలి అంటారు. చిన్నప్పుడు రుచి పడుతుందన్నది నిజమే. ఇంకా ముందే పడుతుంది. అమెరికాలో ఫిలడెల్ఫియాలోని మోనెల్ సంస్థ వాళ్ళు 2001లో ఒక పరిశోధన ప్రచురించారు. కడుపుతో ఉన్నప్పుడో, పాలిచ్చేటప్పుడో తల్లులు క్యారెట్ రసం తాగితే, ఆ పిల్లలు ఘనాహారం మొదలుపెట్టినప్పుడు క్యారెట్ రుచిని సులువుగా ఒప్పుకున్నారట. అంటే రుచి రక్తంలో రాసిపెట్టి ఉండదు, తింటూ నేర్చుకుంటాం. నా నాలుక 24 ఏళ్ళ వయసులో, ముక్కల పులుసు దగ్గర మొదలుపెట్టి, కొత్త జిల్లా మొత్తం నేర్చుకుంది. ఆయన నాలుక ఒక్క ఉగ్గాణి నేర్చుకోలేదా?

ప్రేమతో వండితే అలసట ఉండదండీ అంటారు. ఇది వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ప్రేమ ఉంటే గట్టు ఎత్తు తగ్గుతుందా? 2019లో కేంద్ర ప్రభుత్వ గణాంక కార్యాలయం దేశమంతా తిరిగి ఎవరి సమయం ఎలా గడుస్తోందో లెక్కేసింది. జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు చేస్తే, మగవాళ్ళు 97 నిమిషాలు. పైగా ఆ పని అసలు చేసే మగవాళ్ళే వందకి పాతికమంది చిల్లర. ఆడవాళ్ళలో ఎనభై మంది పైన. దాదాపు అయిదు గంటలు! రోజుకి అయిదు గంటలు ఒక కుర్చీలో కూర్చునే ఉద్యోగికి నడుం నొప్పొస్తే, ఆఫీసువాళ్ళు "పనిని ప్రేమించు, తగ్గిపోతుంది" అంటారా? కుర్చీ మారుస్తారు. మావారికీ మార్చారు, ఇంటి నుంచి పని చేసే రోజుల్లో, చక్రాల కుర్చీ, మెడకి ఆనే దిండుతో సహా. నేనే దగ్గరుండి ఎంచాను ఆ కుర్చీని.

నలుగురికీ నాలుగు వంటలు ఎవరు చేస్తారు అంటారు. ఎవరూ చేయక్కర్లేదు. నేనడిగింది నాలుగు కూరలు కాదు, వంతు. వారంలో ఏడు రోజులున్నాయి. ఏడూ ఒకే ఊరివి కానక్కర్లేదు.

ఇక మా పెద్దాడపడుచు గారి ప్రశ్న: "ఈ వయసులో ఆ బుల్లి గిటారేంటి వదినా, హాయిగా వీణ నేర్చుకోకూడదూ?" వీణంటే నాకు ప్రాణం. కానీ అది నాలుగడుగుల పొడవు. నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. నా మోకాళ్ళు ఒప్పుకోవు. సరస్వతీదేవి కూర్చున్నట్టు కూర్చోలేనని సంగీతమే వద్దనుకోవాలా? నా ఒడికి సరిపోయింది ఇది.

ఇంతవరకూ చదివి, పాపం ఈవిడ ఎంత ఓర్చుకుందో అని మీరనుకుంటే నేను మీకు పూర్తి నిజం చెప్పనట్టే. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

మా పనమ్మాయి వెనక బాల్కనీలో నేలకి అడుగెత్తున ఉన్న కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని అంట్లు తోముతుంది. రెండేళ్ళ కిందట ఒకరోజు, "అమ్మా, మోకాళ్ళు గుంజుతున్నయ్, లోపల సింకుల నిలబడి తోముకుంట" అంది. నేనేమన్నానో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "సింకు గీతలు పడుతుందమ్మా. కింద కూర్చోవడం నీకు అలవాటేగా."

నా భుజం గురించి టేపు పట్టుకుని లెక్కలు వేసిన రోజే ఈ మాట గుర్తొచ్చింది. గరిట పట్టుకున్నదాన్ని పట్టుకున్నట్టే నిలబడిపోయాను. నాకు ఎవరో చేశారని నేను దెబ్బలాడుతున్న పని, నేను నా కింద ఉన్న మనిషికి తడబడకుండా చేశాను. ఈ మాట ఎప్పుడూ పైనుంచి కిందికే జారుతుంది. అత్తగారు కోడలికి చెప్తుంది, కోడలు పనిమనిషికి చెప్తుంది. కింద నుంచి పైకి ఎవరైనా చెప్పగా విన్నారా? "అయ్యగారూ, చల్లారిన కాఫీ అలవాటైపోతుందిలెండి" అని ఏ ఇంట్లోనైనా అన్నారా?

అందుకని మేస్త్రీని పిలిచినప్పుడు రెండు పనులు చెప్పాను. ఒకటి, స్టవ్ ఉన్న మేరకి గట్టుని 8 అంగుళాలు దింపడం. రెండు, వెనక బాల్కనీలో నిలబడి తోముకునే ఎత్తులో ఒక సింకు. పనమ్మాయి మోచేతికి టేపు పెట్టి కొలుస్తుంటే పకపకా నవ్వి, "ఏందమ్మా, జాకెట్ కుట్టిస్తున్నవా?" అంది. రెండేళ్ళ కిందట అడిగిన సంగతి ఆమె ఎత్తలేదు. నేనే ఎత్తాను. "తప్పయిపోయింది" అన్నాను. "గట్లనే అంటరమ్మా అందరు" అంది. ఆ మాట తిట్టు కన్నా గట్టిగా తగిలింది.

పని రెండు రోజుల్లో అయింది. మావారు మొదట, "పద్నాలుగేళ్ళు లేనిది ఇప్పుడెందుకోయ్, దుమ్మూ ధూళీ" అన్నారు. "పద్నాలుగేళ్ళూ ఉంది, మీకు చెప్పలేదంతే" అన్నాను. ఆయన మారుమాట్లాడలేదు. మంచి మనిషే. మన ఇళ్ళల్లో చాలామంది మంచి మనుషులే. టేపు తీయాలని తట్టదు, అంతే. మనం చెప్పకపోతే తట్టే దారీ లేదు, అది మన వైపు తప్పు.

గట్టు దిగిన మర్నాడు పొద్దున్నే టీ పెట్టుకోవడానికి వెళ్ళిన మావారు నడుం పట్టుకుని బయటికొచ్చారు. ఆయన అయిదడుగుల ఎనిమిది. "ఏమోయ్, నీ స్టవ్ దగ్గర నేను వంగలేకపోతున్నాను" అన్నారు. నా నాలుక చివరిదాకా వచ్చేసింది ఆ మాట, "అలవాటైపోతుందిలెండి" అని. ఎంత తియ్యగా ఉందో! మా పులుసులో బెల్లం కూడా అంత తియ్యగా ఉండదు. మింగేశాను. ఎత్తుగా ఉన్న రెండో వైపు గట్టు మీద ఇండక్షన్ స్టవ్ పెట్టించాను. ఇప్పుడు ఆయన టీ ఆయన ఎత్తులో ఆయనే పెట్టుకుంటారు, నాకూ ఒక కప్పు ఇస్తారు.

గురువారాలు నావి. ఆ రోజు టిఫిన్ ఏమిటన్నది నా నాలుక చెప్తుంది. మొదటి గురువారం ఉగ్గాణి చేసి, ఎవరేమంటారో అని కాక, నాకు ఎలా ఉందో అని తిన్నాను. కారం తక్కువైంది. 24 ఏళ్ళలో చేయి మర్చిపోయింది. రెండోవారానికి కుదిరింది. 80 ఏళ్ళ మా అత్తయ్యగారు కట్టుడుపళ్ళతో నెమ్మదిగా తిని, "మెత్తగా బాగుంది అమ్మాయ్, అట్టు కన్నా ఇదే నయం, వారానికోసారి చేస్తూండు" అన్నారు. ఏళ్ళ కిందట ఇదే మెత్తదనానికి ముక్కు మీద వేలేసుకున్నారావిడ. మనుషుల రుచులు మారతాయి, అవసరాలూ మారతాయి. ఇంటి రుచి మాత్రం మారకూడదని పట్టుబట్టి మనం ఎవరికి మేలు చేస్తున్నట్టు?

యుకులేలే నడుస్తోంది. సి కార్డ్‌కి ఉంగరపువేలు ఒక్కటి చాలు, కింది తీగ మూడో మెట్టు మీద. అది పలుకుతోంది. ఎఫ్ కార్డ్ ఇంకా ఏడుస్తోంది. వేలి కొసల మంట పోయింది. భుజం మాత్రం అప్పుడప్పుడు లేస్తూనే ఉంది, కుర్రాడు "ఆంటీ, భుజం" అంటూనే ఉన్నాడు. 24 ఏళ్ళ అలవాటు మూడు నెలల్లో ఎక్కడ పోతుంది?

మిమ్మల్ని అడిగేది ఇంతే. ఇవాళ వంటింట్లోకి వెళ్ళినప్పుడు గరిట పట్టుకుని ఒక్క క్షణం ఆగి, మీ భుజం ఎక్కడుందో చూసుకోండి. చెవి దగ్గరుంటే టేపు తీయండి. మేస్త్రీకి డబ్బు లేకపోతే వెడల్పాటి గట్టి చెక్కపీట వేసుకుని నిలబడండి, కూరలు కూర్చుని తరుక్కోండి. మీకేం తినాలనుందో మిమ్మల్ని మీరు అడగండి. జవాబు వెంటనే రాకపోతే కంగారు పడకండి, నాకూ వారం పట్టింది. తర్వాత మీ ఇంట్లో మీకన్నా కింద కూర్చుని పనిచేసే మనిషిని కూడా అడగండి. అది మర్చిపోతే మిగతాదంతా దండగ.

గురువారం ఎప్పుడైనా మా ఇంటికి రండి. ఉగ్గాణి పెడతాను, సి కార్డ్ వినిపిస్తాను. బాగుంటే బాగుందనండి, లేకపోతే లేదనండి. అలవాటైపోతుందిలే అని మాత్రం అనకండి.